పచ్చచీర గంగమ్మకు కోక పెట్టిన కథ

మొగలిదిబ్బ రేవులో బస్సు దిగిన భక్తులు గుడి కనబడలేదని కంగారు పడనవసరం లేదు. ఇక్కడ గోపురం లేదు, గర్భగుడి లేదు, తలుపూ తాళమూ అసలే లేవు. ఏనుగు మీద ఏనుగును నిలబెట్టినంత ఎత్తున తీరం పొడవునా ఇసుక దిబ్బ, దాని నిండా మొగలి పొదలు. ఆ పొదలే అమ్మవారి చీర. లోపల ఉన్నది అమ్మవారు. ఆ ముళ్లు దాటి ఆవిడ ముఖం చూసి వచ్చినవారు మూడు లోకాలలోనూ లేరు. పొదల ముందు ఒక పెద్ద ఆల్చిప్పలో సముద్రపు నీరు, ఒక కర్రకు వేలాడుతూ మూడు ముడులున్న నారతాడు ఉంటాయి. ఈ రెండింటినీ కనిపెట్టుకుని ఉండే స్త్రీని ఇక్కడ అందరూ "మంత్రగత్తె" అనే పిలుస్తారు. ఆ మాటకు మొహం చిట్లించేవారు ముందు ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ నలభై గడపల జాలరి పల్లె ఉండేది. అందులో గున్నమ్మ అనే ఆమెకు సముద్రంతో మాటలుండేవి. ఒక్క చుక్క ఉప్పునీరు నాలుక మీద వేసుకుంటే ఏ చేప ఎన్ని బారల లోతున ఉందో, దానికి పెళ్లయిందో లేదో కూడా చెప్పేది. మొగలి ఊడల నుంచి నార తీసి తాడు పేని, ఏటా ఏడు ముడులలో ఏడు పెనుగాలులను బంధించేది. ఇన్ని చేసినా ఆమెకు దక్కినదేమిటి? వల నిండితే అది గంగమ్మ దయ. వల ఖాళీగా వస్తే అది మంత్రగత్తె గున్నమ్మ చేతబడి. ఒకే సముద్రం, ఒకే వల, నింద మాత్రం ఒక్కదానికే! ఇదెక్కడి న్యాయమో ఆ పల్లెవారే చెప్పాలి.

ఆ రోజుల్లో వాసుపల్లి దానయ్య కులపెద్ద. ఒక ఏడాది తెప్పలు మునిగిపోయేటంత వేట పడింది. దానయ్య పొంగిపోయి, చుట్టుపక్కల ఏ రేవులోనూ లేనంత ఎత్తున గంగమ్మకు రాతిగుడి కడతానని మొక్కుకున్నాడు. మొక్కు మంచిదే. చోటే మంచిది కాదు. దిబ్బ మీద కట్టాలని పాతిక మందిని కత్తులతో తెచ్చి మొగలి పొదలను నరికించసాగాడు. చప్పుడు విని గున్నమ్మ చేతిలో చేపల తట్టతోనే పరుగెత్తుకు వచ్చింది.

"ఏటిరా దానయ్యా, ఏటి సేస్తన్నావు?"

"అమ్మోరికి గుడి కడతన్నాం అప్పా. ఎన్నాళ్లని ఈ ముళ్లకంపలో ఉంటాది?"

"కంపేటిరా! అది అమ్మోరి కోక. తల్లి కోక ఊడదీసి తల్లికి ఇల్లు కడతావేటి? నీకు సిగ్గు పుట్టినప్పుడు లేదా, మజ్జలో పోయిందా?"

కత్తులవాళ్లు కిసుక్కుమన్నారు. గున్నమ్మ వెంటనే వెళ్లి ఆల్చిప్ప నిండా సముద్రపు నీరు తెచ్చి దానయ్య ముందు పెట్టింది. ఆ నీటిలో ఆమెకు రెండు తీరాలు కనబడుతున్నాయి. ఒకదానిలో దిబ్బ బోడిగా ఉంది. అల వచ్చి పొయ్యిలో కూర్చుంది. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేళ్లు చోటు దొరకక వెనక్కి మళ్లుతున్నాయి. రెండో దానిలో కనుచూపు మేరా పచ్చదనం, సముద్రం పక్కనే తీయటి నీళ్ల బావి, తన మునిమనవల మునిమనవరాళ్లు ఆ నీరు తోడుకుంటున్నారు.

"ఈ రెండూ రేపటివే. ఏది కావాలో నువ్వే సెప్పు" అంది.

దానయ్య వంగి చూశాడు. "నా మీసం తప్ప నాకేటీ అవుపడ్నేదు. దీని మంత్రాలు దీనివే. ఊళ్లో ఉంటే గుడి లేవనియ్యదు. ఎల్లగొట్టండి!"

అంతవరకు అక్కను పిలిచినట్టు అప్పా అన్న నోరే అది. గున్నమ్మ ఏడవలేదు. తన ఆల్చిప్ప, తన తాడు తీసుకుని, ఇంకా కత్తి తగలని ఉత్తరపు కొసకు పోయి పొదల వెనుక గుడిసె వేసుకుంది. ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, మూడు రోజులు ఆమె కుండలో కూర నిప్పు లేకుండానే ఉడికింది.

గుడి పునాది లేచింది. కానీ పొదలు పోవడంతో ఆ ఏడాది దొరికిన నార మూడు ముడులకే సరిపోయింది. కట్టు దొరకని నాలుగు గాలులూ మిట్టమధ్యాహ్నం ఒక్కటై తిరగబడ్డాయి. నూట ఎనిమిది తాటిచెట్ల ఎత్తున అల లేచి, నరికిన చోటే దారి చేసుకుని, పునాది రాళ్లను గవ్వల్లా ఏరుకుని పల్లెలోకి వచ్చింది. మొగలి మిగిలిన ఉత్తరపు కొసన మాత్రం చుక్క నీరు దిగలేదు.

పల్లె పల్లెంతా గున్నమ్మ గుడిసెకు పరుగెత్తింది. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెళ్లగొట్టిన రోజున వీళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. తలుపు వేసేసుకుంటే అడిగేవారు లేరు. చేతిలోని ఆల్చిప్పలోకి చూసింది. పచ్చటి తీరం ఇంకా ఉంది గాని, ఆ బావి దగ్గర ఒక్క మనిషీ లేడు. గున్నమ్మ పళ్లు కొరికి పక్కకు జరిగింది. అయితే ఊరికే రానిచ్చిందనుకునేరు! ఒక్కొక్కరినీ ఆపి, తిట్టి, లోపలికి పంపింది. చంకలో బిడ్డలున్నవారికి మాత్రం తిట్లు సగమే.

అందరికంటే చివర దానయ్య వచ్చాడు. నీళ్లు వెంటబడి అతని మోకాళ్లను పట్టుకున్నాయి. అతని నెత్తిన, వేళ్లతో సహా అలలో కొట్టుకొచ్చిన మొగలి పిలక మొక్క ఒకటి చిక్కుకుని ఉంది.

"అప్పా, తప్పయిపోనాది."

"ఇప్పుడు అప్పనైనానా? నిన్నటిదాకా మంత్రగత్తెను కానేటి!" అని గున్నమ్మ అందుకుంది. అతని తెలివినీ, మొక్కునూ, మీసాన్నీ, ఆ మీసానికి నూనె రాసిన చేతినీ వరుసగా దులిపింది. ఒకసారి తిట్టిన తిట్టు మళ్లీ తిట్టలేదు. ఆ తిట్లు వినడానికి సముద్రం అతని మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. చేపలు తలలు పైకెత్తాయి. ఆమె గొంతు ఆరిపోయేసరికి, తన మనసులో మాటలన్నీ ఎవరో అనేసినట్టు, సముద్రం నిట్టూర్చి వెనక్కి వెళ్లింది.

దానయ్య ఆ పిలకను బోడిదిబ్బ మీద నాటాడు. ఆ రాత్రి అమ్మవారు పల్లెలోని ఆడవాళ్లందరికీ ఒకే కలలో కనబడి, "నాకు రాతి ఇల్లు వద్దు, పట్టుచీర వద్దు. ఊడదీసిన కోక మళ్లీ కట్టండి" అని చెప్పింది. పల్లెవారు గున్నమ్మను కూడా దేవతను చేసి ఒక అరుగు మీద కూర్చోబెడతామన్నారు. ఆమెకు మళ్లీ ఒళ్లు మండింది.

"నన్ను కూకోబెట్టి దండాలెట్టేసి మీరు పోతే, మొక్కలకు నీళ్లు ఎవుడు పోస్తాడ్రా? నాను మంత్రగత్తెనే. ఆ పేరు నాకు సాలు. మీ కోడళ్లకీ నేర్పుతాను."

అలాగే నేర్పింది. నాటి నుంచి ఆ పేరు ఇక్కడ తిట్టు కాదు, పదవి. ఎవరైనా దానిని తిట్టుగా వాడితే ఏడు పిలకలు నాటి, మూడు వేసవులు నీళ్లు పోయాలి.

భక్తులు అమ్మవారికి చీరలు తేకూడదు. కోక పెట్టడమంటే దిబ్బ మీద ఒక మొగలి పిలక నాటడమే. నాటిన తర్వాత ఆల్చిప్పలోకి చూసి, మనవల కాలానికి ఈ తీరం ఎలా ఉండాలో పైకి చెప్పాలి. తన మొహమే కనబడినవారు మరో పిలక నాటి మళ్లీ చూడాలి. పాలిథిన్ సంచీతో దిబ్బ ఎక్కినవారికి మంత్రగత్తె ఏమి చేస్తుందో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఏటా ఆషాఢ అమావాస్య ఉదయం కులపెద్ద నెత్తిన పిలకతో మోకాలి లోతు నీటిలో నిలబడతాడు. ఊరి ఆడవాళ్లు ఏడాదిలో దిబ్బకు జరిగిన హాని అంతా ఏకరువు పెట్టి, చేసినవారిని వరుసగా తిడతారు. కార్లలో కూర్చున్నవారికి సముద్రం కనబడాలని నిరుడు ముప్పై పొదలు తీయించిన ఒక పెద్దమనిషికి పొద్దుపొడుపున మొదలైన తిట్లు మధ్యాహ్నం దాకా సాగాయి. పీతలు సైతం భోజనం మానుకుని విన్నాయి. ఆయన మూడు వందల పిలకలు నాటాడు, ఇంకా నాటుతూనే ఉన్నాడు.

కోక పెట్టినవారి తెప్ప తిరగబడదని, వారి బావి నీరు ఉప్పగా మారదని నమ్మకం. తిట్లు ముగిశాక అల కులపెద్ద మోకాళ్లు వదిలి వెనక్కి వెళితే అమ్మవారు శాంతించినట్టు. వెళ్లకపోతే, ఆడవాళ్లు తలా ఒక గుక్కెడు మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెడతారు.