నాలుగు పోగులు

శేషఫణి మూడేళ్ల కష్టమంతా ఒక్క కాగితం మీదికి వచ్చింది. అందులో నాలుగు అంకెలు మాత్రం అతనికి అడ్డం పడ్డాయి.

అతను పనిచేసేది ఉన్ని పరిశోధన కేంద్రంలో. గొర్రె బొచ్చును సన్నటి దువ్వెనలతో పదేపదే దువ్వి, పొట్టి వెంట్రుకలు ఏరేసి, పొడుగువాటిని వరసగా పేర్చి నున్నటి దారం తీయడం అతని పని. ఆ దారాన్ని యంత్రానికి బిగించి తెగేదాకా లాగుతారు. ఎంత బలానికి తెగిందో యంత్రం రాసి చూపిస్తుంది. యాభై పోగులు లాగితే నలభై ఆరు గట్టిగా నిలిచాయి. నాలుగు మాత్రం ఇలా లాగగానే అలా పుటుక్కుమన్నాయి.

బిగింపులో లోపమై ఉంటుందని సర్దిచెప్పుకుని ఫణి ఆ నాలుగింటినీ కొట్టేశాడు. బిగింపు దగ్గర తెగినవాటిని వదిలేయడానికి నియమమూ ఒప్పుకుంటుంది. ఇప్పుడు సగటు చూస్తే కళ్లు చెదిరేలా ఉంది. నివేదిక పైకి వెళితే ఆ దారం రెండు వందల మగ్గాలకు చేరుతుంది.

సంతకం కోసం గురువు హనీఫ్ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ముప్పై ఏళ్లుగా ఉన్నితోనే బతికిన మనిషి. మాట తక్కువ. కాగితం చదివి, మిగతా నాలుగూ ఏమయ్యాయని అడిగారు. బిగింపు దగ్గర తెగాయని ఫణి చెప్పాడు.

"తెగడం నువ్వు చూశావా?"

"చూడలేదు సార్."

గురువు సంతకం పెట్టలేదు. కోప్పడనూ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ బస్సెక్కి కళ్యాణదుర్గం అవతల ఒక పల్లెలో దిగారు. అక్కడ ఈరమ్మ అనే ఆమె మగ్గం మీద ఫణి తీసిన దారమే నిలువు పోగుల పడుగై ఉంది. నేసి చూడమని కేంద్రం వాళ్లే నెల కిందట ఇచ్చారు. అరవై దాటిన మనిషి. వచ్చినవాళ్లను చూసి మగ్గం గుంటలోంచి లేవబోయింది. గురువు వద్దని, ఫణిని ఆమె పక్కన కూచోమన్నారు.

"తెగిన పోగునల్లా నువ్వే ముడి వెయ్యి."

అంతే చెప్పి, ఆయన గడప దగ్గర కూచున్నారు.

జానెడు నేసేలోగా ఒక పోగు తెగింది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను ఈరమ్మ ఆపింది. వందల పోగుల మధ్య ఆ కొస వెతికి పట్టుకుని, ముడి వేసి, దువ్వెనలాంటి అచ్చు సందులోంచి ఇవతలికి లాగేసరికి ఫణికి చెమట పట్టింది. మళ్లీ నాడె నాలుగుసార్లు ఆడిందో లేదో, ఇంకొకటి. మధ్యాహ్నానికి పదకొండు తెగాయి. బట్ట మూరెడు కూడా సాగలేదు. తెగిన ప్రతిచోటా దారం సన్నబడిపోయి ఉండడం అతను కళ్లారా చూశాడు.

ఈరమ్మ ఒక్కసారైనా విసుక్కోలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది. ఇన్నాళ్లూ కబురైనా పంపలేదేమని అడిగాడు.

"ఏమని పంపేది నాయనా. దారం పరీక్ష చేసిందే, గట్టిదని చెప్పిరి. తెగుతాంటే నా చెయ్యే బరువైందేమో అనుకుంటి. వయసు మీదపడె గదా. ఈ పడుగు అయిపోతే ఇంక మగ్గం దిగేద్దామనుకుంటాండా."

ఆ చేతులు యాభై ఏళ్లుగా నేస్తున్నాయి. ఫణి ఆమె వైపు తిరిగాడు.

"తప్పు మీ చేతిది కాదమ్మా. దారం నేను తీసిందే. అది తెగుతుందని నాకు తెలుసు."

ఈరమ్మ నాడె పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా నాడె అందుకుంది.

ఫణి లేచి గురువు దగ్గరికి వెళ్లాడు. మూడింటి బస్సు అందుకుంటే సాయంత్రంలోగా అంతా ఉన్నదున్నట్టు తిరగరాస్తానని, పై అధికారుల ముందు తన తప్పు తానే ఒప్పుకుంటానని తొట్రుపడుతూ చెప్పాడు. ఇంకా చెప్పబోతున్నాడు.

లోపల నాడె చప్పుడు ఆగింది.

"రాద్దువుగాని," అన్నారు గురువు. "ఇంకో పోగు తెగింది. ముందు వెళ్లి అది కట్టు."