తిరిగిరాని చాపలు

రేవులో పడవలు ఆగడం మానేసి ఏళ్లయినా, ముసలి గవరమ్మకు పడుచుతనంలో రాజుగారి కొలువుకు వెళ్లిన రోజు ఇంకా కళ్లముందే ఉంది.

అప్పట్లో ఆమె తుంగచాపలు అల్లి, ముఖమైనా ఎరగని ఎగువ ఊళ్లవాళ్లకు పడవల మీద పంపేది. నచ్చకపోతే తిప్పి పంపమని పడవవాళ్ల చేత చెప్పించేది. తన బేరం తగ్గిపోతోందని కోటవీధి వర్తకుడు రత్నగుప్తుడు కొలువులో మొరపెట్టుకున్నాడు.

"కనబడకుండా అమ్మే మనిషిని నమ్మేదెలా ప్రభూ? ఆ పడవబేరం మాన్పించండి. నా కొట్లో కొన్న చాప ఒక్కటీ తిరిగి రాలేదు."

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు రాజు.

"ఆయన వెనక్కి తీసుకోరు కదా ప్రభూ, ఎలా వస్తాయి? ఒక్క నెల ఆయన్నీ తీసుకోమనండి. ఎవరివి ఎన్ని వస్తాయో మీరే చూడండి," అంది గవరమ్మ.

నెల తిరిగేసరికి గుప్తుడి కొట్టు నిండి, చాపలు వీధిలోకొచ్చాయి. గవరమ్మకు తిరిగొచ్చింది ఒక్కటే. దాన్ని తెచ్చిన పడవవాడు రాజు ముందే కబురు చెప్పాడు.

"చాప బాగుందిటమ్మా. అమ్మాయి పెళ్లికి ఇంకాస్త పెద్దది కావాలిట."

రాజు నవ్వి, గుప్తుడి మొర కొట్టేశాడు.

ఆ పెళ్లికూతురిని గవరమ్మ ఎన్నడూ చూడలేదు. పడవలు నడిచినన్నాళ్లూ, చాపల కోసం ఆ ఇంటినుంచి ఏటా కబురు వస్తూనే ఉండేది.