మెరుపు మోజెస్ ఆగిన చోటు

నేను చెప్పబోయేది అబద్ధమని అనగలిగే మొనగాడు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి, చూస్తాను! ఎవరూ లేవలేదు కదా? అయితే కదలకుండా వినండి.

అనకాపల్లి గవరపాలెంలో కత్తెర కన్నా నాలుక ఎక్కువ ఆడించే పైడిరాజు అనే టైలర్ ఒకడుండేవాడు. ఆ పైడిరాజును నేనే.

ఆ రోజుల్లో పాప్ పాటంటే మెరుపు మోజెస్. భీమిలి మనిషి. తెల్ల బూట్లు, వెండిరంగు కోటు వేసుకునేవాడు. సినిమా జోలికి పోకుండా ఒక్క క్యాసెట్టుతో రాష్ట్రాన్ని ఊపేశాడు. ఆయన పాట రాకముందు మా బెల్లం మార్కెట్లో కళాసీలు బరువు మోస్తూ మామూలుగా నడిచేవాళ్లు. వచ్చాక అడుగు తాళంలో పడింది! ఒళ్లు ఊగే పాటకు పరాయి భాష అక్కర్లేదని, మనం ఇంట్లో మాట్లాడే మాట చాలని మాకు చెప్పింది ఆయనే.

ఆయన పాడిన 'ఆగనంటే ఆగను' పాటను నేను లక్షసార్లు విన్నాను. తగ్గించే చెబుతున్నాను. వీధి స్టేజీల మీద నేనే జూనియర్ మోజెస్‌ని. నేను గెంతితే మార్కెట్లో బెల్లం దిమ్మలు జానెడు పైకి లేచి పడేవి.

ఆ పాట మధ్యలో ఒకచోట సంగీతం రెండు సెకన్లు ఆగిపోయేది. క్యాసెట్టు కొన్నప్పుడు ఆ ఆగడం నాకు వినపడలేదు. ఏడాది పోయాక, దాన్ని ఒకసారి రిపేరు చేయించి తెచ్చుకున్నాక వినపడింది. నా చెవికి పదును పెరిగిందనుకున్నాను. అక్కడికి రాగానే ఒక చెయ్యి ఆకాశానికి ఎత్తి, ఒంటికాలి మీద రాయిలా నిలబడిపోయేవాడిని. జనం ఈలలకు మార్కెట్ రేకుల కప్పు అదిరేది.

"మా క్యాసెట్లో పాట ఆగదే?" అని ఎవరైనా అడిగితే, "మీది నకిలీది" అనేవాడిని. "మరి నీకెలా తెలిసింది?" అంటే ఛాతీ విరుచుకునేవాడిని.

"మోజెస్ అన్నే నేర్పాడు. నా భుజం మీద చెయ్యేసి, 'తమ్ముడూ, ఇక్కడ ఆగు' అన్నాడు."

మార్కెట్ గేటు దగ్గర టీ కాచే సన్యాసమ్మ మాత్రం, "ఏ భుజంరా? ఓపాలి కుడంటావు, ఓపాలి ఎడవంటావు" అని నవ్వేది.

నిజం చెప్పనా? నేను మోజెస్‌ని కళ్లతో చూడలేదు. ఆయన మా ఊరొచ్చి పాడిన ఒకే ఒక్క రోజున నాకు అమ్మవారు పోసింది. వేపమండల మధ్య పడుకుని ఏడ్చాను.

తర్వాత పన్నెండేళ్లకు మోజెస్ పోయాడు. రేడియోలో విని మూడు రోజులు మిషను తొక్కలేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

మొదటి వర్ధంతికి మార్కెట్ యార్డులో సభ పెట్టాం. మోజెస్‌కి మొదటినుంచీ డ్రమ్స్ వాయించిన ఇమ్మానియేలు గారు తన బృందంతో వచ్చారు. ఆయన చేతిలో వెండిరంగు కోటు ఉంది!

"పాడిన ప్రతి ఊళ్లో తన వస్తువు ఒకటి ఉండాలని మోజెస్ కోరిక. ఆయన్ని దగ్గరగా ఎరిగిన మనిషి ఇక్కడుంటే, ఈ కోటు వాళ్లది" అన్నారు.

"పైడిరాజు! పైడిరాజు!" అని యార్డు మొత్తం అరిచింది. జనం నన్ను తోసి స్టేజీ ఎక్కించారు. ఆ కోటు కోసం నా ప్రాణం కొట్టుకుంది.

బృందం పాట అందుకుంది. నేను ఆడాను. అలా ఆడినవాడు అటు కటక్ నుంచి ఇటు చెన్నపట్నం దాకా లేడు! ఆ చోటు వచ్చింది. చెయ్యి ఎత్తాను. ఒంటికాలి మీద నిలబడ్డాను.

సంగీతం ఆగలేదు.

డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి. నేను చెయ్యి ఎత్తుకునే ఉన్నాను.

"ఒరే పైడిరాజూ, పాట ఎలిపోతోందిరా! నువ్వక్కడే ఉండిపోనావేటి?" అని సన్యాసమ్మ అరిచింది. యార్డంతా గొల్లుమంది.

ఇమ్మానియేలు గారు వాయించడం ఆపారు. "పైడిరాజు గారూ, పాట పేరే 'ఆగనంటే ఆగను'. మీరెందుకు ఆగారు?" అన్నారు.

మరో అబద్ధం నాలుక చివరికి వచ్చింది. ఇది మోజెస్ అన్న నాకొక్కడికే చెప్పిన రహస్యం అంటే సరిపోయేది. కానీ ఆ కోటు నా కళ్ల ముందే ఉంది. దాన్ని చూస్తూ ఆయన పేరు మీద మళ్లీ అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"నేనాయన్ని ఎప్పుడూ చూడలేదండీ. నాకు తెలిసింది ఈ క్యాసెట్టే" అన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాను.

ఆయన క్యాసెట్టు దీపం వైపు పెట్టి, వేలితో చక్రం తిప్పి చూశారు. "రిబ్బను అరిగి తెగిపోయింది. రిపేరు చేసినవాడు మధ్యలో ఖాళీ ముక్క అతికించాడు. మీరు ఆగింది అక్కడ" అన్నారు.

జనం మళ్లీ నవ్వబోయారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నవ్వకండి. మోజెస్ పాటను తెగేదాకా విన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. కానీ కోటు మీకివ్వలేను. ఆయన్ని నిజంగా ఎరిగినవాళ్లు ఇంకెవరూ లేరా?"

 సన్యాసమ్మ గొంతు సవరించుకుంది.

"మన ఊరొచ్చిన రోజు పాట అయ్యాక నా బల్ల మీదే కూకున్నాడు బాబూ. రెండు టీలు తాగినాడు. నా చెయ్యి కాలిందని సూసి, తన జేబురుమాలు తడిపి కట్టినాడు."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం అత్తా?" అన్నాను.

"సెప్పడానికేటుందిరా? ఆడు మంచోడు, అంతే కదా."

కోటు ఆమెకు దక్కింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, భుజం దగ్గర చూసి నా చేతిలో పెట్టింది. "ఇక్కడ కుట్టు ఊడింది. రేపటికి కుట్టి తే. నీ కొలతకి మాత్రం తగ్గించీకు" అంది.

అప్పుడు ఇమ్మానియేలు గారు పాట మళ్లీ మొదలుపెట్టారు. నన్ను ఆడమన్నారు. నా ఖాళీ ముక్క ఉన్న చోటు వచ్చింది. ఆయన పుల్లలు రెండూ పైకెత్తి ఆపేశారు. బృందం ఆగింది. రెండు సెకన్లు ఆ యార్డులో చీమ నడిచినా వినపడేది. నేను చెయ్యెత్తి నిలబడ్డాను. ఈసారి ఈల వేసినవాడు లేడు. పోయిన మనిషి కోసం మా ఊరంతా కలిసి ఆగింది.

కాబట్టి బాబులూ, అమ్మాయిలూ, ఇదీ నీతి: గొప్పవాళ్లతో లేని చనువును చెప్పుకుంటే మన నిజమైన ప్రేమ కూడా నవ్వులపాలవుతుంది. ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే ఆ ప్రేమకే విలువ దక్కుతుంది.

నమ్మరా? మార్కెట్ గేటు దగ్గరికి వెళ్లండి. గాజు పెట్టెలో వెండిరంగు కోటు ఉంటుంది. దాని భుజం మీద నా కుట్టు ఉంటుంది. పక్కనే టీ కాచే మనిషిని అడగండి. పేరు బొడ్డేడ సన్యాసమ్మ.