ఖాదర్‌వలీ గారి రికార్డు

రికార్డు ప్లేయరు ముల్లు మార్చాడు, మోత పోలేదు. యాంప్లిఫయరు మార్చాడు, పోలేదు. బొంబాయి నుంచి మందపాటి వైర్లు తెప్పించి బిగించాడు. అయినా వాల్యూము కాస్త పెంచితే చాలు, పాట అడుగు నుంచి గుమ్మ్‌మని ఒక మోత లేచి పాడేవాడి గొంతును మింగేస్తోంది. విరూపాక్షికి తల కొట్టేసినట్టయింది.

ఎందుకవదు మరి! ఆదోనిలో ఎవరింట్లో రికార్డు ప్లేయరు మూలపడ్డా జనం ముందు తలుచుకునే పేరు అతనిదే. గఫార్ సాబ్ రిపేరు దుకాణంలో పదకొండేళ్లు కూర్చుని నేర్చుకున్న పని. తన చేతిలో పనితనం ఉందని అతనికీ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

ఆ ఆదివారం పొద్దున గఫార్ సాబ్ అతని ఇంటికి వస్తున్నారు. ఊరికే కాదు. ఆయన గురువు ఖాదర్‌వలీ గారు బతికుండగా పాడిన పాట ఒక్కటే రికార్డుకెక్కింది. లోకంలో దానికి మిగిలింది ఒకే ఒక్క కాపీ, అదీ గఫార్ సాబ్ దగ్గరే. ఇప్పుడు ఆయనకు చూపు తగ్గింది. ముల్లు ఎక్కడ దిగుతుందో కంటికి ఆనడం లేదు.

"దీన్ని ఎవరి చేతిలోనైనా పెట్టాలప్పా. నీ ఇంట్లో ఒకసారి విని చూస్తా" అన్నారు.

శిష్యులు ఇంకో ఇద్దరున్నారు, రజాక్, ఈరన్న. ఆ రికార్డు వాళ్లకు కాకుండా తనకే దక్కాలని విరూపాక్షి ఆర్నెల్లుగా నిద్రలో కూడా కలవరిస్తున్నాడు. ఈ హంగులన్నీ దానికోసమే.

గఫార్ సాబ్ ఆ ఇద్దరు శిష్యులతో వచ్చారు.

"రండి ఉస్తాద్, రండి! ఎట్లా పెట్టినానో చూడండి!"

గోడ పొడవునా కొత్త టేకు బల్ల. దాని నడుమ ప్లేయరు, చెరోపక్క బియ్యం మూటంత స్పీకరు. విరూపాక్షి భార్య నాగరత్నకు ఆ బల్ల మీద దుమ్ము తుడిచే భాగ్యం కూడా లేదు. అక్కడ చెయ్యి పెడితే అతను ఇల్లు ఎగరగొట్టేస్తాడు.

ముందు తన దగ్గరున్న పాట ఒకటి పెట్టాడు. రెండు చరణాలు కాకముందే గుమ్మ్‌మని మోత లేచింది. విరూపాక్షి ముఖం మాడిపోయింది.

"వచ్చే నెల ప్లేయరే మార్చేస్తా ఉస్తాద్. దాంతో పీడ వదిలిపోతుంది."

గఫార్ సాబ్ "ఒక గ్లాసు నీళ్లు ఇప్పించప్పా. నిండుగా" అన్నారు.

నాగరత్న అంచుదాకా నింపి తెచ్చింది. ఆయన తాగలేదు. బల్లను తడుముకుంటూ వెళ్లి ప్లేయరు పక్కనే గ్లాసు పెట్టారు.

"ఇప్పుడు పాట పెట్టు. నాకు ఆనదు, నువ్వే చూసి చెప్పు."

పాట మొదలైంది. వాల్యూము పెంచాడు. నీళ్ల మీద సన్నగా వణుకు పుట్టింది, మోత పెరిగేకొద్దీ అదీ పెరిగింది. చివరికి అంచు దాటి ఒక ధార కొత్త టేకు మీదికి జారింది.

"థూ, నా బుద్ధి కాల!" అన్నాడు విరూపాక్షి.

స్పీకర్లు బల్లను ఊపుతున్నాయి. ఆ ఊపు ముల్లుకెక్కుతోంది. ముల్లు దాన్నీ పాటే అనుకుని మళ్లీ స్పీకర్లకే పంపుతోంది. వేరేవాళ్ల ఇంట్లో అయితే గడపలో నుంచే పట్టేసి నవ్వి ఉండేవాడు. తన ఇల్లయ్యేసరికి కళ్లు మూసుకుపోయాయి.

ఈరన్న ఒకవైపు, తనొకవైపు పట్టి స్పీకర్లను దించి దూరంగా నేల మీద పెట్టారు. మళ్లీ పాట పెడితే మోత లేదు. ఎంత పెంచినా లేదు. విరూపాక్షి ఆనందం పట్టలేకపోయాడు.

"ఇంక ఆ రికార్డు ఇవ్వండి ఉస్తాద్!"

గఫార్ సాబ్ ఇచ్చారు. ఖాదర్‌వలీ గారి గొంతు లేచింది. విరూపాక్షి బల్లకు ఆనించి స్టూలు వేసుకుని, ఒక చెయ్యి మీటల మీద ఉంచి కూర్చున్నాడు.

"విన్నారా ఉస్తాద్, ఆ హార్మోనియం? పాత ముల్లు దాన్ని పట్టేదే కాదు. రజాకన్నా, ఇప్పుడు కాస్త ట్రెబుల్ తగ్గిస్తా, తేడా చూడు. ఆ తబలా ఉంది చూడండి, అది..."

గఫార్ సాబ్ లేచి వచ్చారు. వేలితో తడిమి ముల్లును పైకెత్తేశారు.

విరూపాక్షి రికార్డు చేజారినట్టే అనుకున్నాడు.

"ఏమైంది ఉస్తాద్? మోత పోయింది కదా?"

"లే" అన్నారాయన.

లేచాడు. ఆయన వంగి ఆ స్టూలు ఎత్తుకున్నారు. కాళ్లతో దారి చూసుకుంటూ, మెల్లగా, స్పీకర్ల అవతలికి నడిచారు. సాయం పట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వాకిలి దగ్గర గోడవారన, రజాక్‌కూ ఈరన్నకూ మధ్య స్టూలు వేశారు.

"ఇక్కడ కూర్చో."

విరూపాక్షి చెవులు ఎర్రబడ్డాయి. పోయి కూర్చున్నాడు.

"ముల్లు నువ్వు పెట్టమ్మా" అన్నారు గఫార్ సాబ్, నాగరత్నతో.

"నేనా సాబ్?"

విరూపాక్షి సగం లేచాడు. లేచినవాడు ఏమనుకున్నాడో, మళ్లీ కూర్చున్నాడు. నాగరత్న ముల్లును దించింది. చక్కగా దిగింది.

పాట మళ్లీ మొదలైంది. రెండో చరణం ముందు ఖాదర్‌వలీ గారు చిన్నగా నవ్వారు. ఎదురుగా కూర్చున్న ఎవరినో చూసి నవ్వినట్టు, ఆ నవ్వుతోనే చరణం ఎత్తుకున్నారు. దుకాణంలో పదకొండేళ్లు ఈ పాట విన్నాడు విరూపాక్షి. ఆ నవ్వు ఒక్కసారీ వినలేదు. కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పాట అయిపోయింది. నాగరత్న ముల్లు ఎత్తింది.

రజాక్ మోచేత్తో పొడిచాడు. "ఏమప్పా, కొత్త ముల్లు బాగానే ఉందే!"

"ఏ ముల్లు?" అన్నాడు విరూపాక్షి.

గఫార్ సాబ్ లేచి చెప్పులేసుకున్నారు. వీధిలోకి దిగుతుంటే ఈరన్న వెనక నుంచి కేకేశాడు. "ఉస్తాద్, రికార్డు మరిచిపోయినారు!"

"ఉండనీ" అన్నారాయన.