తెర వెనక పేట

అదొక రేవుపట్నం. ఆ ఏడు రాజుగారు అక్కడ కాలిబంతి పోటీలు పెట్టించారు. దేశదేశాల అభిమానులు ఓడల నిండా దిగుతున్నారు. వాళ్ల కంట రేవు పక్కనున్న పేదల చేపలపేట పడితే పరువు పోతుందని కొత్వాలు రుద్రసేనుడు పేట చుట్టూ నిలువెత్తు తెర కట్టించాడు.

"మా దగ్గరికి బేరానికెవరొస్తారు బాబూ?" అంది పులుసు వండి అమ్మే కాసులమ్మ.

"ఆటలయ్యేదాకా పస్తుండండి. తెర వెనక్కి ఎవరూ తొంగిచూడకూడదు, తెలిసిందా?"

"చిత్తం. అందరికీ చెప్తాను."

తిన్నగా రేవుకెళ్లి, ఓడ దిగిన ప్రతివాడికీ చెప్పింది. "ఎక్కడికైనా వెళ్లండి నాయనా, ఆ తెర వెనక్కి మాత్రం చూడకండి. కొత్వాలుగారి ఆన!"

సాయంత్రానికి మైదానం బోసిపోయింది. జనమంతా తెర వెనక పులుసు జుర్రుతున్నారు. కొత్వాలు రొప్పుతూ వచ్చాడు.

"నిన్ను కొరత వేయిస్తాను!"

"మీ ఆజ్ఞ పొల్లుపోకుండా చెప్పాను బాబూ. వాళ్లు వినకపోతే నా తప్పా?"

"మరి వీళ్లు కదిలేదెలా?"

"తెర పీకించండి. దాచిందేమీ లేదని తెలిస్తే ఎవరొస్తారు?"

తెర పీకించాడు. పులుసు వాసన ఊరిమీద పడింది. ఊళ్లో మిగిలినవాళ్లూ పరుగెత్తుకొచ్చారు.

"ఒక్కడూ కదల్లేదేమే?" అని అరిచాడు కొత్వాలు.

"ఇందాక తెర కోసం వచ్చారు బాబూ, ఇప్పుడు పులుసు కోసం ఉన్నారు. మీరూ వరసలో కూర్చోండి, వడ్డిస్తాను."