తెడ్డు చప్పుడు

హైమవతి మేడంకి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకునేవారు. ఆ తుడవడం ఎంతసేపు సాగితే కథ అంత దూరం నుంచి వస్తుందని పిల్లలకి తెలిసిపోయింది. ఉద్యోగ విరమణ అయ్యాక ఆవిడ కాకినాడ చేరి, మేడ మీది గదిలో పాత కంప్యూటర్లు పెట్టుకుని, కోరి వచ్చినవాళ్ళకి కెర్నెల్ పాఠాలు చెప్పేవారు.

కెర్నెల్ అంటే ఏమిటో ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. తెర మీద మనం చూసే ప్రోగ్రాములు యంత్రాన్ని నేరుగా ముట్టుకోలేవు. లోపల కూర్చున్న కెర్నెల్‌ని అడగాలి. అది యంత్రాన్ని అడిగి చెప్పాలి. పని కాకపోతే అది వాక్యాలల్లి కారణాలు చెప్పదు. ఒక చిన్న అంకె బయటికి పంపి ఊరుకుంటుంది. పదకొండు వచ్చిందనుకోండి, 'ఇప్పుడు కాదు, మళ్ళీ అడుగు' అని అర్థం. పందొమ్మిది వస్తే, 'అసలు ఆ పరికరమే లేదు' అని. ఇలాంటివి వంద పైచిలుకు ఉన్నాయి.

శిష్యుల్లో నూకరత్నానికి ఆ అంకెల మీదే విసుగు. ఆమె బాబాయి సత్తిరాజు సముద్రం దగ్గర చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. కిందటి పంటలో ఒక ముసురు రోజు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. చూసేసరికి రొయ్యలన్నీ తెల్లగా తేలిపోయాయి. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి ఇంకొకరి చెరువుకి కాపలా వెళ్ళాలి. అందుకని నూకరత్నం ఒక పెట్టె తయారు చేసింది. నీళ్ళలో ఆక్సిజన్ చూసే కడ్డీ, దాన్ని చదివే కెర్నెల్ కోడు ముక్క, ఆక్సిజన్ తగ్గినా కడ్డీ వైరు తెగినా మోగే సైరన్. తీరా ఇంట్లో పరీక్షిస్తుంటే వైరు కాస్త కదిలినప్పుడల్లా సైరన్ మోగడం, సత్తిరాజు గుండె పట్టుకుని కూలబడడం! ఆమె ఒక ఉపాయం చేసింది. ఏ చిక్కొచ్చినా కెర్నెల్ పదకొండే పంపేలా రాసేసింది. పై ప్రోగ్రాము ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ అడుగుతూ, అందాకా తెర మీద పాత లెక్కే చూపిస్తూ ఉంటుంది. ఇల్లు చల్లబడింది. ఆ మధ్యాహ్నమే పెట్టె చెరువుకి చేరాలి.

"నీ బాబాయికి బీపీ వస్తుందని కెర్నెల్ చేత అబద్ధాలాడిస్తున్నావేంటే?" అన్నాడు మేడ గదిలో పక్కన కూర్చున్న తోటి శిష్యుడు జకరయ్య.

"అబద్ధమేముంది? మళ్ళీ అడగమంటున్నా, అంతేగా!" అని వాడి మీద కసిరి, నూకరత్నం మేడం వైపు తిరిగింది. "మీరే చెప్పండి మేడంగారూ. లేదు, పోయింది అని మొహం మీద చెప్పడం కంటే, కాస్త ఆగమనడం మర్యాద కాదా అండీ?"

హైమవతి మేడం కళ్ళజోడు తీశారు. ఆ రోజు అద్దాలు చాలాసేపు తుడిచారు.

"మా ఊళ్ళో బస్సెక్కాలంటే గోదారి పాయ దాటాలి," అని మొదలుపెట్టారు. "పడవ నడిపే పోలయ్య అవతలి ఒడ్డున ఉండేవాడు. గాలికి మాట ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వచ్చేది కాదు. అందుకని కేకలే గుర్తులుగా పెట్టుకున్నాడు. 'ఓ...య్' అని సాగదీస్తే బయల్దేరుతున్నానని. 'హై, హై' అంటే పడవ నిండింది, తర్వాతి విడత ఎక్కండని. పడవే లేని రోజు తెడ్డు తీసి చెక్క మీద ఠాప్ మని కొట్టేవాడు. ఆ చప్పుడు నీళ్ళ మీద ఎంత దూరమైనా వచ్చేది. అది వినగానే అందరూ మూటలెత్తుకుని, ఏటి గట్టునే ఇంకో పడవ ఉండే పై రేవుకి నడిచిపోయేవాళ్ళు. చిన్నప్పుడు నాకు ఆ చప్పుడంటే భలే ఇష్టం. నడుస్తూ పోతే దారంతా రేగుపళ్ళు."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"మా రాజ్యం అక్కకి టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూ వచ్చింది. ఆ ఏడుతో వయసు దాటిపోతుంది. తోడుగా నేనూ వెళ్ళా. ఆ రోజు పోలయ్యకి జ్వరమట, కొత్తల్లుడు ఉన్నాడు అవతలి రేవులో. మేం కేకేస్తే 'హై, హై' అన్నాడు. నిలబడ్డాం. ఎండెక్కింది. మళ్ళీ కేకేశాం, మళ్ళీ 'హై, హై'. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకోవడం, కేకెయ్యడం, అతను బదులివ్వడం. అంత ఆదరంగా పలికేవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పడవేమో అడుగు చెక్క ఊడి, రెల్లు చాటున బోర్లా పడి ఉంది."

"మరి ఎందుకలా అరిచాడండీ?" జకరయ్య ఉండబట్టలేకపోయాడు.

"సాయంత్రం ఈదుకుంటూ వచ్చి చెప్పాడు పాపం. 'అంత ఆశగా నిలబడ్డారు, లేదనడానికి నోరు రాలేదండీ' అని. అక్క అతన్ని పల్లెత్తు మాట అనలేదు. పులిహోర పొట్లం విప్పి అతనికీ ఇంత పెట్టింది. పెడుతూ మాత్రం అంది, 'నోరెందుకయ్యా? తెడ్డుంది కదా' అని."

రాజ్యం అక్క ఆ తర్వాత టీచరుగా ఏ బడిలోనూ అడుగు పెట్టలేదనీ, అరుగు మీద వీధి పిల్లలకి ఎక్కాలు చెబుతూ ఉండిపోయిందనీ, హైమవతి మేడంకి మొదటి లెక్కలు అక్కడే వచ్చాయనీ నూకరత్నానికి ఇదివరకే తెలుసు. ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. కడ్డీ కాస్త ఆలస్యంగా పలికే చోట పదకొండు అలాగే ఉంచింది. కడ్డీ వైరు తెగిపోయే చోట చెరిపి, పందొమ్మిది రాసింది.

"పెట్టెలో బీపీ మాత్ర కూడా పెట్టు," అన్నాడు జకరయ్య, ఈసారి మెల్లగా.

తర్వాత వారం ముసురు పట్టింది. చెరువులో పీతలు వైరు కొరికేశాయి. భోజనాల వేళ సైరన్ మోగింది. తెర మీద 'పరికరం లేదు' అన్న ముక్క తప్ప మరేమీ లేదు. సత్తిరాజు తింటున్న అన్నం వదిలేసి, గట్టు మీద పరిగెత్తి, చేతి మీటరు ముంచి చూశాడు. ఆక్సిజన్ అప్పటికే దిగజారిపోతోంది. నీళ్ళు చిలికే చక్రాలన్నీ తిప్పించాడు. సాయంత్రానికి రొయ్యలు తేరుకుని అడుగుకి దిగాయి. అప్పుడు తీరిక చూసుకుని నూకరత్నాన్ని తిట్టడం మొదలుపెట్టాడు.

ఆమె మేడంకి ఫోన్ చేసింది. "పంట నిలబడిందండీ. కానీ బాబాయి ఒకటే అరుపులు. 'ఆ దిక్కుమాలిన చప్పుడుకి నా ప్రాణం పోయిందే' అంటున్నాడు."

అవతల ఎంతసేపటికీ మాట లేదు. మేడం అద్దాలు తుడుచుకుంటున్నారని నూకరత్నానికి అర్థమైంది.

"అరవనీ అమ్మా," అన్నారావిడ చివరికి. "చప్పుడు విని పరిగెత్తాడు కదా. మా అక్కకీ కాళ్ళుండేవి."