కుండకు అటువైపు

చనిపోయిన భార్య ముఖం దానయ్య మనసులోంచి రోజుకింత చెరిగిపోతోంది. అతను గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊళ్ళు పట్టుకు తిరిగిన మనిషి. దారిలో ఉండగానే ఇంట్లో సింగమ్మ జ్వరంతో పోయింది. తిరిగొచ్చేసరికి కడసారి చూపు కూడా దక్కలేదు.

పూర్తిగా మరుపు రాకముందే ఆ ముఖాన్ని గీసి దాచుకోవాలని, గాడిదల్ని అమ్మేసి కొండమీది మఠానికి వెళ్ళాడు. అక్కడ శివబోధ స్వామి గోడల మీద బొమ్మలు వేస్తాడు. ఆయన గీసిన ఏనుగును చూసి పిల్లలు పక్కకు తప్పుకుంటారని చెప్పుకునేవారు.

స్వామి అంతా విన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నీళ్ళకుండ ఒకటి తెచ్చి ఎదురుగా పెట్టి, "దీన్ని గియ్యి" అన్నాడు.

దానయ్య గీశాడు. స్వామి ఆ కాగితం అందుకుని, తిప్పి, వెనకవైపు చూసి, తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడూ అంతే. మూతిని కోలగా గీస్తే "ఇది కుదిరింది" అన్నాడు. వెలుగు పడని వైపు బొగ్గుతో నీడ దిద్దితే "ఇదీ కుదిరింది" అన్నాడు. ఆ వెంటనే కాగితం తిప్పి వెనక చూశాడు. వానలు పోయి చలి వచ్చింది. కొండమీద పలకరించే దిక్కు లేదు. స్వామి మాటల దగ్గర పరమ పిసినారి. దానయ్యకు గాడిదలే నయమనిపించింది. అవి కనీసం ఓండ్రపెట్టేవి.

చివరికి ఉండబట్టలేక అడిగేశాడు. "కాగితం వెనక ఏముంటుంది స్వామీ? ఖాళీ."

"నువ్వు గీసిన కుండ వెనకా అంతే, ఖాళీ" అన్నాడు స్వామి. బొగ్గు తీసేసుకుని, కుండను అతని ఒళ్ళో పెట్టాడు. "ఇవాళ గియ్యొద్దు. కళ్ళు మూసుకుని పట్టుకో."

దానయ్య విసుగ్గానే చేతులు చుట్టాడు. మట్టి చల్లగా ఉంది. అరచేతులు కుండ పొట్ట మీదుగా అటువైపుకు వెళ్ళాయి. అక్కడ చిన్న సొట్ట తగిలింది. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరి బొటనవేలో నొక్కుకున్నట్టుంది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చున్నా దాని సంగతే అతనికి తెలియదు.

సింగమ్మ పోయాక అతను దేన్నీ ఇలా పట్టుకోలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. స్వామి లేచి వెళ్ళి పొయ్యి వెలిగించుకున్నాడు.

మర్నాడు మళ్ళీ ఎదురుగా కూర్చునే గీశాడు. సొట్ట కనబడదు, గీయనూ లేదు. కానీ కుండ పొట్ట అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. ఆ గీత అక్కడితో అయిపోదని, అటువైపుకు తిరుగుతోందని చేతికి ఇప్పుడు తెలుసు.

స్వామి చాలాసేపు చూశాడు. కాగితం తిప్పలేదు. కొత్తది పరిచాడు.

"ఇక ఆమెను గియ్యి."

దానయ్య బొగ్గు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. "ఆలస్యమైపోయింది స్వామీ. ముఖం పూర్తిగా పోయింది. ఎంత తలుచుకున్నా రావడం లేదు."

"నీ చేతిమీద తల పెట్టుకుని పడుకునేదా?"

దానయ్య కళ్ళు మూసుకున్నాడు. అతని ఎడమచెయ్యి మోచేతి దగ్గర మెల్లగా వంగి, ఏదో బరువు ఆనినట్టు కొద్దిగా కిందికి దిగింది. కుడిచెయ్యి కాగితాన్ని వెతుక్కుంది.